కోనసముద్రం ఉక్కు, అమ్మ రక్తపరీక్ష

పోయినేడాది ఒకే వారంలో నాకు రెండు సంగతులు తగిలాయి. ఒకదానికి నవ్వాను. రెండోదానికి నిద్ర పోయింది. రెండూ ఒకే కథలో ముక్కలని తెలియడానికి చాలా రాత్రులు పట్టింది. ఆ కథే ఈ టపా. కాస్త పొడుగైంది, టీ కప్పు పక్కన పెట్టుకుని చదవండి.

మొదటిది కాలేజీ గ్రూపులో వచ్చిన వాట్సాప్ ఫార్వర్డు. "మన పూర్వీకులకి వేల ఏళ్ళ కిందటే నానో టెక్నాలజీ తెలుసు! డమాస్కస్ కత్తుల్లో కార్బన్ నానోట్యూబులు దొరికాయి! ఆ ఉక్కు మన నిజామాబాద్ జిల్లాదే!!" ఇలాంటివి రోజుకి నాలుగొస్తాయి కదా, పుష్పక విమానం పక్కన దీన్నీ పడేసి ఓ నవ్వుబొమ్మ పెట్టి ఊరుకున్నాను.

రెండోది మా అమ్మ రిపోర్టు. మాది మాక్లూర్. నిజామాబాద్ నుంచి నందిపేట వైపు వెళ్ళే దారిలో వస్తుంది. నేను గచ్చిబౌలిలో కోడు రాసుకుంటూ ఉంటాను. అమ్మానాన్నల దగ్గర లేను కదా అనే తప్పు భావన ఒకటి మన ఉద్యోగాలతో పాటు ఉచితంగా వస్తుంది. దాన్ని ఆన్‌లైన్ ఆఫర్లతో కడుక్కుంటాం. నేనూ అదే చేశాను. తొంభై చిల్లర పరీక్షల ప్యాకేజీ, సగం ధరకి, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారట. అమ్మకి కట్టేశాను. మూడో రోజు పొద్దున స్టాండప్ మీటింగులో ఉండగా పీడీఎఫ్ వచ్చింది. అంతా పచ్చగా ఉంది, ఒక్క వరుస మాత్రం ఎర్రగా. సీఏ-125: 61. పక్కన, ఉండాల్సింది 35 లోపు.

గూగుల్లో కొడితే మొదట కనపడిన మాట అండాశయ క్యాన్సర్.

మా పెద్దనాయిన భార్యని మేం పెద్దమ్మ అంటాం. ఎనిమిది నెలలు కడుపుబ్బరం, గ్యాస్ అంటూ మందులు మింగింది. హైదరాబాద్ తీసుకొచ్చేసరికి కడుపంతా నీరు. అదీ అండాశయ క్యాన్సరే. ఆమె మంచం పక్కన రాత్రుళ్ళు కూర్చున్నది మా అమ్మే. అందుకని ఆ మాట మా ఇంట్లో డిక్షనరీ మాట కాదు.

సాయంత్రం ఫోన్ చేశాను.

"ఏమచ్చింది బిడ్డా రిపోర్టుల?"

"మంచిగనే ఉన్నదే అమ్మా. ఒక్కసారి డాక్టరమ్మకు సూపెడదాం."

"మంచిగుంటే డాక్టరెందుకురా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. శనివారం వస్తా అని ఫోన్ పెట్టేశాను. ఆ నాలుగు రాత్రులు మనలాంటి వాళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను, దొరికిన ప్రతి పేపరూ చదివాను. సీఏ-125 అని వెతుకుతుంటే 2017లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం తగిలింది. రాసింది ఎక్కడివాళ్ళో కాదు, మా ఆఫీసు నుంచి గంటలో వెళ్ళగలిగే కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు. సీఏ-125ని అతి చిన్న మోతాదులో పసిగట్టే సెన్సర్ తయారుచేశారు. దేనితో? కార్బన్ నానోట్యూబులు పొదిగిన జింక్ ఆక్సైడ్ తీగలతో.

నానోట్యూబులు! వాట్సాప్ ఫార్వర్డు గుర్తొచ్చింది. అప్పటిదాకా నవ్వినవాణ్ణి వెనక్కి వెళ్ళి దాన్ని మళ్ళీ చదివాను. ఈసారి చరిత్ర వెతికాను.

*

ఆర్మూరు దాటి కమ్మర్‌పల్లి వైపు పోతే కోనసముద్రం అనే ఊరు. మావైపు కోనసముందర్ అంటారు. మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు చూడండి. ఇప్పుడు అటుపక్క పసుపు, మొక్కజొన్న చేలే తప్ప ఇంకో విశేషం పైకి కనపడదు. కానీ రెండొందల ఏళ్ళ కింద ఇరాన్ వర్తకుడు ఇస్ఫహాన్ నుంచి బయల్దేరి ఈ ఊరికి వచ్చేవాడు, ఉక్కు కొనడానికి.

ఇది పుక్కిటి పురాణం కాదు. హెన్రీ వాయ్సీ అని, లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేతో తిరిగిన డాక్టరు, రాళ్ళూ ఖనిజాలూ తెలిసినవాడు. 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో ఉక్కు తయారీ గురించి ఆయన రాసిపెట్టుకున్నది 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన చెప్పిన పద్ధతి క్లుప్తంగా ఇది. రెండు వేర్వేరు చోట్ల తీసిన రెండు రకాల ఇనుము. అది మూడు పాళ్ళు, ఇది రెండు పాళ్ళు. కొలిమిలో మిగిలిన గాజులాంటి చిట్టెం కొంచెం. ఇవన్నీ మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, దాదాపు ఒక పగలూ రాత్రీ తిత్తులు ఊదుతూనే ఉండాలి. తర్వాత మెల్లగా చల్లార్చాలి. ఆ గడ్డే ఉక్కు. మన "ఉక్కు" అనే మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి "వూట్జ్" అయిందని అంటారు.

ఇంకో సంగతి కూడా రాశాడు వాయ్సీ. ఇరాన్ వాళ్ళకి ఈ ఊరూ తెలుసు, చేసే పద్ధతీ తెలుసు, వాళ్ళ దేశంలో చేసి చూశారు, రాలేదు.

ఈ ముక్క చదివి నేను నవ్వుకున్నాను. రిపాజిటరీ మొత్తం క్లోన్ చేసుకున్నారు, బిల్డ్ అవ్వలేదు! డిపెండెన్సీ ఏదో మిస్సయింది. అదేమిటో రెండు శతాబ్దాల తర్వాత గానీ బయటపడలేదు. అమెరికాలో వెర్హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడూ, పెండ్రే అనే కత్తులు కొట్టే కమ్మరీ కలిసి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి 1990లలో తేల్చిందేమిటంటే, ఆ కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి చారలకి ముడి ఇనుములో లేశమాత్రంగా ఉండే వెనేడియం లాంటి మలినాలు కారణమని. అంటే పద్ధతి ఒక్కటే చాలదు, మట్టి కూడా కావాలి.

2006లో డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు బెర్న్ మ్యూజియంలోని 17వ శతాబ్దపు కత్తి ముక్కని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. అసదుల్లా అనే పేరున్న కత్తి. యాసిడ్‌తో ఇనుము కరిగించగా మిగిలినదాంట్లో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని 'నేచర్' పత్రికలో రాశారు. కాబట్టి ఫార్వర్డులో ఆ ముక్క నిజమే, నేనే తొందరపడి నవ్వాను. కానీ ఆ కత్తికి వాడిన ఉక్కు కోనసముద్రం నుంచే వెళ్ళిందని నిరూపణ లేదు. భారతదేశపు ఉక్కుతో అలాంటి కత్తులు కొట్టేవారన్నంత వరకే చెప్పగలం. గోల్కొండ రాజ్యపు ఉక్కు ఇరాన్‌కి వెళ్ళేదని వజ్రాల వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలోనే రాశాడు.

మరి మన కమ్మరికి నానో టెక్నాలజీ తెలుసా? తెలీదు. నానోట్యూబు చూడ్డానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. జపాన్‌లో ఇయిజిమా 1991లో వాటి గురించి రాసిన తర్వాతే ప్రపంచం దృష్టి వాటి మీద పడింది. కమ్మరికి తెలిసింది వేరు. ఏ ఇనుము ఎన్ని పాళ్ళు, మంట రంగు ఎలా ఉండాలి, ఎంతసేపు ఊదాలి, ఎంత మెల్లగా ఆర్పాలి. ఎందుకు అవుతుందో తెలీదు, కానీ మళ్ళీ మళ్ళీ అదే నాణ్యత వచ్చేది. అందుకే ఇస్ఫహాన్ నుంచి మనిషి నడిచొచ్చాడు. దీన్ని గొప్పతనం కాదంటారా? నాకైతే ఫార్వర్డులో చెప్పిన గొప్పకంటే ఇదే పెద్దగా అనిపించింది. ఈ "మళ్ళీ మళ్ళీ" అనే మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

(ఇక్కడో పిడకల వేట: 2010లో ధర్మపురి వైపు పరిశోధకుడు జైకిషన్ గారు, ఇంగ్లండులోని ఎక్సెటర్, బెంగళూరులోని నియాస్ వాళ్ళతో కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళన్నీ తిరిగి చిట్టెం కుప్పలూ, మూస పెంకులూ నమోదు చేశారు. మన పక్కూరి చరిత్ర కోసం వాళ్ళంత దూరం నడిచారు. నేను ఆర్మూరు మీదుగా ఎన్నిసార్లు పోయానో, ఒక్కసారీ బండి ఆపలేదు.)

*

ఇప్పుడు కథ లండన్ వెళ్తుంది. ఎందుకంటే ఉక్కు వెళ్ళింది కాబట్టి. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ కొన్ని వూట్జ్ ముక్కలు రాయల్ సొసైటీకి పంపాడు. 1795లో పియర్సన్ దాని మీద ప్రయోగాలు చేసి పేపర్ చదివాడు. ఆ తర్వాత 1819లో దాన్ని చేతిలోకి తీసుకున్నది ఒక కమ్మరి కొడుకు. పేరు మైకేల్ ఫారడే.

అవును, మనం ఇంటర్లో బట్టీ పట్టిన ఫారడేనే. కరెంటు జోలికి గట్టిగా పోకముందు ఆయన జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల వ్యాపారితో కలిసి మన ఉక్కు రహస్యం కనుక్కుందామని కూర్చున్నాడు. అందులో ఉన్న అల్యూమినియం, సిలికా సంబంధిత పదార్థాల వల్లే ఆ గుణం వస్తోందని తేల్చాడు. తప్పు! కొద్ది ఏళ్ళలోనే పారిస్‌లో బ్రేయాన్ అనే ఆయన, అసలు విషయం కార్బన్‌లో ఉందని చెప్పాడు. ఫారడే అంతటివాడికి కూడా అప్పటి కొలిచే పనిముట్లు ఇచ్చిన జవాబు తప్పయింది. నాకు ఆ రాత్రి ఈ సంగతి ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఒక సంఖ్య వచ్చింది కదా అని అదే సత్యం కానక్కర్లేదు.

ఉక్కు దగ్గర తప్పినా, ఇవాళ్టి నానో సెన్సర్లకి పునాదిరాళ్ళు రెండు ఫారడే వేసినవే. ఒకటి, కరెంటుకీ రసాయన చర్యకీ మధ్య లెక్క. ఎలక్ట్రోడ్, అయాన్ లాంటి మాటలు 1834లో ఆయన రాతలతోనే వాడుకలోకి వచ్చాయి. రెండోది, 1857లో ఆయన చదివిన పేపరు. బంగారాన్ని అతి సన్నని రేణువులుగా నీళ్ళలో తేలేలా చేస్తే అది పచ్చగా ఉండదు, కెంపు రంగులో ఉంటుంది. రేణువు పరిమాణం మారితే వెలుగుతో దాని ప్రవర్తన మారుతుందని ఆయన పట్టుకున్నాడు. గర్భ నిర్ధారణ కిట్టులోనూ, కరోనా రోజుల్లో మన ముక్కుల్లో పుల్ల పెట్టి చేసిన రాపిడ్ కిట్టుల్లో చాలావాటిలోనూ కనపడిన ఎర్ర గీత ఇదే బంగారం. నానో పదార్థంతో రోగం జాడ పట్టే పని మనమందరం బాత్రూంలో చేసేశాం, పేరు తెలీదంతే :)

కథలో ఇంకో మలుపు. ఫారడే చనిపోయాక 1870లో ఆయన జీవిత చరిత్ర, ఉత్తరాలు అచ్చు వేసిన స్నేహితుడు హెన్రీ బెన్స్ జోన్స్ అనే డాక్టరు. ఈయన దగ్గరికి 1845లో ఒక రోగి మూత్రం పరీక్షకి వచ్చింది. అందులో ఒక వింత ప్రోటీన్. మరిగిస్తే కరిగిపోతుంది, చల్లారితే మళ్ళీ తేలుతుంది. రోగికి ఎముక మజ్జ జబ్బు, ఇప్పుడు మైలోమా అంటున్న క్యాన్సరు. ఆ ప్రోటీన్ని ఇవాళ్టికీ బెన్స్ జోన్స్ ప్రోటీన్ అంటారు. శరీరంలో దాక్కున్న క్యాన్సర్ గురించి ఒంట్లోని ద్రవం చాడీ చెప్పగలదని, అంటే మనం ఇప్పుడు బయోమార్కర్ అంటున్న ఆలోచన, అక్కడ మొదలైంది. నానో బంగారం చేసినవాడూ, మొదటి క్యాన్సర్ మార్కర్ పట్టినవాడూ స్నేహితులు. ఈ రెండూ ఒక్క కిట్టులో కలుస్తాయని ఇద్దరికీ తట్టి ఉండదు.

*

బయోసెన్సర్ అనేది పుట్టింది మాత్రం చక్కెర కోసం. మా జిల్లావాళ్ళకి చక్కెర అంటే బోధన్. 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళం, 2015 డిసెంబరులో మూతపడింది. మా తాత చెరుకు వేసిన రోజుల్లో ఇంట్లో రోజూ వినపడే మాట "రికవరీ". టన్ను చెరుకుకి ఎంత చక్కెర దిగిందీ అని. ఫ్యాక్టరీ ల్యాబుల్లో రసంలోంచి కాంతిని పంపి, అది ఎంత మెలి తిరిగిందో చూసి చక్కెర కొలుస్తారు. చెరుకు రసంలో చక్కెర బోలెడంత ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. రక్తంలో ఉండేది చాలా కొద్దిగా, పైగా చుట్టూ వేల రకాల పదార్థాలు. అందులోంచి ఒక్క గ్లూకోజునే ఎలా కొలవడం?

1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ చెప్పిన ఉపాయం ఇది. గ్లూకోజుని తప్ప ఇంకొకదాన్ని పెద్దగా ముట్టని ఎంజైమ్ ఉంది. దాన్ని ఎలక్ట్రోడ్ మీద పొరలా పట్టించు. గ్లూకోజు వస్తే ఎంజైమ్ దాన్ని తింటుంది, తినేటప్పుడు ఆక్సిజన్ వాడుకుంటుంది, ఆక్సిజన్ తగ్గితే కరెంటు మారుతుంది. కరెంటు కొలువు, చక్కెర తెలుస్తుంది. అంతే. మనోళ్ళ భాషలో చెప్పాలంటే జీవపదార్థం ఫిల్టరు, ఎలక్ట్రోడ్ లాగరు. 1975లో ఈ పద్ధతితో మిషన్ అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు మా నాయిన టీవీ మీద పెట్టుకున్న గ్లూకోమీటర్ దాని మనవడే.

క్యాన్సర్ మార్కర్‌కి ఎంజైమ్ బదులు యాంటీబాడీ. 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో సీఈఏ అనే మార్కర్ కనుక్కున్నారు. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం అండాశయ క్యాన్సర్ కణాలకి అతుక్కునే ఒక యాంటీబాడీ చేసింది. అది పట్టుకునే పదార్థానికే సీఏ-125 అని పేరు. 1983లో దాన్ని రక్తంలో కొలిచే పరీక్ష వచ్చింది. 35 అనే గీత అప్పటిదే.

నానో పదార్థం ఇందులో చేసే పనేమిటి? ఎలక్ట్రోడ్ మీద యాంటీబాడీలు నిలబడ్డానికి చోటు కావాలి. చదునైన పలకకంటే తల వెంట్రుకలో వేల వంతు సన్నగా ఉండే దారాల వల మీద ఎంతో ఎక్కువ చోటు. పైగా కార్బన్ నానోట్యూబు కరెంటుని బాగా మోస్తుంది కాబట్టి, ఒక్క మార్కర్ వచ్చి అతుక్కున్నా కలిగే చిన్న మార్పు సన్నగిల్లకుండా మీటరు దాకా చేరుతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో శివ్ గోవింద్ సింగ్, శివరామకృష్ణ వంజరి గార్ల బృందం ఈ దారాలు తీసిన పద్ధతి వింటే ఊరి జాతర గుర్తొస్తుంది. పీచుమిఠాయి మిషన్ చూశారు కదా? అక్కడ గిర్రున తిరిగి దారాలొస్తాయి. ఇక్కడ సూదిలోంచి వచ్చే ద్రవాన్ని హై వోల్టేజి లాగి దారం చేస్తుంది. దాని మీద సీఏ-125 యాంటీబాడీ.

వాళ్ళు అందుకున్నది మిల్లీలీటరుకి యూనిట్‌లో వెయ్యో వంతు దరిదాపుల దాకా. చదివినప్పుడు గర్వంగా అనిపించింది. నిజంగా గొప్ప ఇంజినీరింగే. రెండు నిమిషాల తర్వాత నాలోని టెస్టర్ లేచాడు. ఒక్క నిమిషం, డాక్టర్లు చూసే గీత 35 కదా? వెయ్యో వంతు అంటే దానికి 35 వేల రెట్లు కింద. మా అమ్మ రిపోర్టులో ఉన్న ఇబ్బంది సీఏ-125 తక్కువై కనపడకపోవడం కాదు. కనపడింది, కానీ అర్థమేమిటో తెలీలేదు.

*

ఆ అర్థం కోసం ఒక చిన్న లెక్క వేశాను. ఇవి నిజమైన గణాంకాలు కావు, లెక్క కోసం అనుకున్నవి. లక్ష మంది ఆడవాళ్ళకి పరీక్ష చేశాం. వాళ్ళలో 40 మందికి నిజంగా జబ్బుంది. పరీక్ష వాళ్ళలో 32 మందిని పట్టింది. జబ్బు లేనివాళ్ళలో నూటికి 98 మందికి సరిగ్గా "లేదు" అంది. వినడానికి ఎంత మంచి పరీక్షో కదా? కానీ ఆ మిగతా 2 శాతం అంటే లక్షలో దాదాపు 2,000 మంది. మొత్తం ఎర్రగీత పడినవాళ్ళు 2,031. అందులో జబ్బున్నవాళ్ళు 32. అంటే 63 మంది భయపడితే ఒక్కరికి నిజం. ప్రొడక్షన్‌లో 63 అలర్టులకి ఒక్క నిజమైన బగ్గు ఉంటే ఆన్‌కాల్‌లో ఉన్నవాడు ఏం చేస్తాడో మీకు చెప్పాలా? మనమైతే మ్యూట్ చేస్తాం. మనుషుల విషయంలో మ్యూట్ బటన్ లేదు, స్కానింగులూ ఆపరేషన్లూ ఉంటాయి.

సీఏ-125 క్యాన్సర్‌కే పుట్టిన పదార్థం కాదు. నెలసరి రోజుల్లో పెరుగుతుంది, గర్భసంచిలో గడ్డలుంటే పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్‌లో, కడుపు టీబీలో, లివర్ జబ్బుల్లో పెరుగుతుంది. మరోపక్క క్యాన్సర్ తొలి దశలో ఉన్నవాళ్ళలో చాలామందికి పెరగకపోవచ్చు కూడా. నానో సెన్సర్ ఎంత సన్నగా చూసినా, చూస్తున్న వస్తువే రెండు నాలుకలతో మాట్లాడితే ఏం చేస్తుంది?

దీన్ని బ్రిటన్‌లో పెద్ద ఎత్తున పరీక్షించారు. 2001లో మొదలుపెట్టి రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్ళని తీసుకున్నారు. ఒక గుంపుకి ఏటా సీఏ-125 చేసి, ఒక్క సంఖ్య కాకుండా ఏడాదికేడాది మార్పుని అల్గారిథమ్‌తో చూశారు. 2021లో ఫలితం వచ్చింది. ఆ గుంపులో తొలి దశలో పట్టుబడిన క్యాన్సర్లు పెరిగాయి. కానీ చనిపోయినవాళ్ళ సంఖ్య తగ్గలేదు. ఇది చదివి నేను చాలాసేపు తెర ముందు ఊరికే కూర్చున్నాను. ముందే తెలిసుంటే మా పెద్దమ్మ బతికేదని ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను. అంత ఖాయంగా అనలేనని మొదటిసారి అర్థమైంది.

సెన్సర్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అనే మన పాత జోకు వీళ్ళకీ వర్తిస్తుంది. ల్యాబులో శుభ్రమైన ద్రవంలో పనిచేసింది అసలు రక్తంలో తడబడుతుంది. రక్తంలో ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లు మార్కర్‌కంటే లక్షల రెట్లు ఎక్కువ, అవొచ్చి దారాల మీద మేట వేస్తాయి. ఇవాళ చేసిన ఎలక్ట్రోడ్‌కీ రేపు చేసినదానికీ రీడింగ్ కలవదు. ఆర్నెల్లు డబ్బాలో పెడితే, నిజామాబాద్ ఎండాకాలంలో లారీలో తిప్పితే, యాంటీబాడీ బతికుండాలి. ఇక్కడ మళ్ళీ కోనసముద్రం గుర్తొచ్చింది. ఆ కమ్మరికి "ఎందుకు" తెలీదు, "మళ్ళీ మళ్ళీ" తెలుసు. మనకిప్పుడు "ఎందుకు" తెలుసు, అణువుతో సహా బొమ్మ గీస్తాం. "మళ్ళీ మళ్ళీ" ఇంకా చేతికి రాలేదు. పేపర్లు వేలల్లో వస్తున్నా ఆస్పత్రి బల్ల దాకా చేరినవి అతి కొద్ది. గ్లూకోమీటర్ చేరింది, ఎర్రగీత కిట్టు చేరింది. రెంటికీ కారణం ఒకటే అనిపిస్తుంది. కొలిచే వస్తువు స్పష్టం, జవాబు వచ్చాక ఏం చెయ్యాలో కూడా స్పష్టం.

నానో వృథా అనడం లేదు నేను. రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏ ముక్కల్లాంటి కొత్త మార్కర్లు నిజంగానే లేశమాత్రంగా ఉంటాయి, అక్కడ ఈ సున్నితత్వం పనికొస్తుంది. ఒకటి బదులు నాలుగైదు మార్కర్లు ఒక్క చుక్క రక్తంలో కొలవగలిగితే రెండు నాలుకల బెడద తగ్గొచ్చు. కానీ "ఎంత తక్కువ మోతాదు పట్టింది" అని మాత్రమే చూసి చప్పట్లు కొట్టడం, రెస్పాన్స్ టైం బావుందని తప్పు జవాబిచ్చే సర్వర్‌ని మెచ్చుకున్నట్టు.

*

శనివారం నిజామాబాద్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మ వయసెంత, నెలసరి ఎలా ఉంది, ఇంట్లో రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా అని వరసగా అడిగింది. పెద్దమ్మ సంగతి చెబితే "ఆమె మీ అమ్మకి అక్క కాదు కదా?" అని నిర్ధారించుకుంది. తర్వాత స్కానింగ్. గర్భసంచిలో రెండు ఫైబ్రాయిడ్లు. అండాశయాలు మామూలుగానే ఉన్నాయి. "మూడు నెలలాగి ఇంకోసారి చూద్దాం. ఇంతకీ సీఏ-125 ఎవరు రాశారు?" అంది. నేను నా ఫోన్ వైపు చూసుకున్నాను. మూడు నెలల తర్వాత 40కి దిగింది, స్కాన్‌లో మార్పు లేదు.

అమ్మ మాత్రం బయటికొచ్చాక ఒక్క మాటే అంది. "నువ్వు మంచిగనే ఉన్నదన్ననాడే నాకెర్కయింది బిడ్డా, మంచిగ లేదని." అప్పుడు తెలిసింది, ఆ నాలుగు రాత్రులూ ఆమె కూడా పడుకోలేదు. నాకు పేపర్లున్నాయి, ఆమెకి పెద్దమ్మ మంచం ఒక్కటే కళ్ళముందు ఉంది. సగం ధర ఆఫర్లో నేను కొన్నది ఇదీ.

చివరగా ఇంకో పరీక్ష చరిత్ర చెప్పి ముగిస్తాను, ఇది కూడా మన పాత హైదరాబాద్ రాజ్యంలోదే. ఏడో నిజాం పేరు పెట్టుకున్న ఉస్మానాబాద్ జిల్లా (2023 నుంచి ధారాశివ్). అక్కడి పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళు 1.3 లక్షల మందితో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద అధ్యయనం చేశారు, 2009లో ఫలితాలొచ్చాయి. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవాళ్ళకి చికిత్స ఇచ్చిన గుంపులో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఎందుకు పనిచేసింది? వైరస్‌కీ జబ్బుకీ సంబంధం గట్టిది, మధ్యలో ఏళ్ళ టైం ఉంది, దొరికితే చెయ్యాల్సిన వైద్యం సులువు. సెన్సర్ ఎంత సన్నదన్నది కాదు, ఈ మూడూ ఉన్నాయా అన్నది ప్రశ్న.

ఆ ప్రశ్న నేను ప్యాకేజీ కొనేముందు వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుని చేసిన పనులు రెండు. అమ్మకి డాక్టరమ్మ చెబితే హెచ్‌పీవీ పరీక్ష చేయించాను, తొంభై పరీక్షల ప్యాకేజీలో అది లేదు! ముప్పై ఏళ్ళుగా బీడీ తాగుతున్న మా నాయినని తీసుకెళ్ళి నోరు చూపించాను. దానికి కావలసిన పరికరం ఒక టార్చిలైటు.

మీలో ఎవరైనా ఈ పండక్కి అమ్మానాన్నలకి ప్యాకేజీ కొనబోతుంటే, అందులో ట్యూమర్ మార్కర్లు అనే వరుస ఉందేమో చూడండి. ఉంటే కొనేముందు తెలిసిన డాక్టర్ని ఒక్క మాట అడగండి, ఎర్రగీత పడితే తర్వాత ఏం చేస్తాం అని. దానికి సూటిగా జవాబు లేకపోతే ఆ పరీక్ష మీకు అక్కర్లేదన్నమాట. కడుపుబ్బరం, ఆకలి మందగించడం లాంటివి వారాల తరబడి వదలకపోతే మాత్రం గ్యాస్ మాత్రలతో కాలం గడపకండి, అప్పుడు ఇదే సీఏ-125 డాక్టరు చేతిలో పనికొచ్చే పరికరమే.

ఆ ఫార్వర్డు పంపినవాడికి నవ్వుబొమ్మ తీసేసి, కోనసముద్రం సంగతి మొత్తం రాసి పంపాను. "సూపర్ మామా" అని బొటనవేలు పెట్టాడు. చదివుండడు లెండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి ఆ చిట్టెం కుప్పలు చూడ్డానికి పోదామని మాత్రం ఒప్పుకున్నాడు.